ఓవర్‌లుక్ గారికి, ఒక కోడలు రాయునది

వర్జీనియా రాష్ట్రం, షెనాండోవా నేషనల్ పార్కు, స్కైలైన్ డ్రైవ్ పక్కన కొలువై ఉన్న ఓవర్‌లుక్ గారికి,

ఆష్‌బర్న్ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా ఆయన మెడ మాత్రం ఇంకా ఎడమవైపుకే తిరిగి ఉంది. మొన్న శనివారం మీ ఒళ్లో కారు పెట్టుకోడానికి చోటు కోసం పడిగాపులు పడ్డవాళ్లలో మేమూ ఉన్నాం. తెల్ల మినీవ్యాన్. మీకు గుర్తుండకపోవచ్చు లెండి, ఆ రోజు మీ గుమ్మంలో నిలబడ్డవాటిలో సగం తెల్ల మినీవ్యాన్లే.

ముందుగా మీ పేరు సంగతి. మా ఆఫీసులో పొద్దున్నే జరిగే మీటింగులో ఎవరైనా "సారీ, ఓవర్‌లుక్ చేశాను" అన్నారంటే, కళ్లెదుట ఉన్నదాన్ని చూళ్లేదని ఒప్పుకున్నట్టు. మీ దగ్గరేమో ఆ మాటకి కొండరోడ్డు పక్కన కారాపుకుని కిందికి తీరిగ్గా చూసే చోటని అర్థం. ఇంత ఎడం ఎందుకొచ్చిందా అని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

"చిన్న డ్రైవే, అలా వెళ్లి ఇలా వచ్చేద్దాం" అన్నారు మా ఆయన. మా ఇంట్లో ఎవరైనా చిన్న డ్రైవ్ అన్నారంటే ముందురోజు రాత్రే చింతపండు నానాలి. మీ రోడ్డు మొత్తం 105 మైళ్లు. మేము చేసింది అందులో పైభాగం, థోర్న్‌టన్ గ్యాప్ నుంచి ఫ్రంట్ రాయల్ దాకా, 31 మైళ్ల చిల్లర. ఆ చిల్లరకి పులిహోర, పెరుగన్నం, రెండు ఫ్లాస్కుల కాఫీ, నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒక సెల్ఫీ కర్ర.

అత్తయ్యగారికి మొదటి అనుమానం గేటు దగ్గరే వచ్చింది.

"పైన ఏ దేవుడమ్మాయ్?"

"ఎవరూ లేరత్తయ్యా. ఊరికే కొండ."

"ఊరికేనా? ముప్పై డాలర్లు తీసుకున్నాడు కదా!"

ఆవిడ తప్పేం లేదు. మాకు ఘాట్ రోడ్డంటే పైన ఎవరో ఒకరుండాలి. అలిపిరి దగ్గర ఎక్కితే వెంకన్న, దోర్నాల దగ్గర ఎక్కితే మల్లన్న. దేవుడు లేని కొండకి టికెట్టు పెట్టి, అక్టోబరులో గేటు బయట కార్లను బారులు తీరేలా చేయగలిగిన మీ మహిమ ముందు మా పీఠాధిపతులు ఎందుకూ పనికిరారు. "టికెట్టు ఏడు రోజులు చెల్లుతుంది నానమ్మా" అని మా పెద్దాడు సర్దిచెప్పబోయాడు. "ఏడు రోజులూ ఏం చూస్తామురా?" అందావిడ. ఆ ప్రశ్న మీకే వదిలేస్తున్నాను.

పిల్లల గోల మీద మొదట మా దారికి అవతలి వైపుకి అరమైలు పైచిలుకు వెళ్లి మేరీస్ రాక్ సొరంగం చూసి తిరిగొచ్చాం. 1932లో తొలిచిన సొరంగం, పొడవు 600 అడుగుల పైమాటే. పిల్లలు అద్దాలు దించి అరిచారు. మావయ్యగారు మాత్రం అరవలేదు. ఆయన రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు, మార్కాపురం వైపు. పైకప్పు ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలన్న బోర్డు చూసి, "ముందే చెప్పాడు, పెద్దమనిషి" అన్నారు.

అక్కణ్నుంచి మీ రాజ్యం. గంటకి 35 మైళ్లు దాటకూడదు. దాటాలన్నా దాటలేం, ముందున్న కారువాడికి ప్రతి మలుపులోనూ మీరే కనబడతారు. మీరు ఒక్కరు కూడా కాదాయె, మొత్తం రోడ్డు మీద డెబ్బై మంది దాకా ఉన్నారు. ప్రతిసారీ అదే తంతు. కారు ఆగుతుంది, తలుపులు జరుగుతాయి, మా ఆయన "ఆ గోడ దగ్గర నిలబడండి, కొంచెం జరగండి, నవ్వండి" అంటారు. నవ్వుతాం. అదే లోయ, అదే షెనాండోవా నది, అదే నీలం కొండల వరుస. మూడోసారికి అత్తయ్యగారు కారులోంచి దిగడం మానేశారు. "ఇందాకటిదే కదా, దానికే కొంచెం పక్కనుంచి" అన్నారు. మీ గురించి ఇంత పొందికైన సమీక్ష నేనెక్కడా చదవలేదు.

ఆకుల రంగుల్లో మాత్రం మీకు వంక పెట్టలేను. మేపుల్ ఎరుపు, హికరీ పసుపు, ఓక్ తుప్పు రంగు. ఎండ పడినచోట కొండంతా ఎవరో పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టుంది. అది కూడా అద్దంలోంచే చూశామనుకోండి, బయట చలి.

హాగ్‌బాక్ ఓవర్‌లుక్ దగ్గర, ఫ్రంట్ రాయల్ నుంచి లెక్కిస్తే 20.8వ మైలు, భోజనం. అక్కడి చెత్తడబ్బా గురించి ఒక ముక్క చెప్పాలి. ఎలుగుబంట్లు తెరవకుండా దానికి లోపలెక్కడో గొళ్లెం పెట్టారు. ఎలుగుబంటి సంగతి నాకు తెలియదు కానీ మా ఆయనకి మాత్రం తెరుచుకోలేదు. విస్తరాకుల సంచి చేతిలో పట్టుకుని ఆయన దాంతో కుస్తీ పడుతుంటే, పక్క కారులోని గుంటూరు ఆవిడ వచ్చి ఒక్క వేలితో తీసింది.

అప్పుడే మావయ్యగారు మీ అంచునున్న రాతిగోడ మీద చెయ్యి వేశారు. కొనబోయే గేదెను నిమిరినట్టు రెండు వైపులా నిమిరారు. "రాయి మీద రాయి ఎంత బాగా కూర్చోబెట్టాడ్రా" అన్నారు. తర్వాత కిందికి వంగి చూశారు. మీ ముందున్న వాలులో చెట్ల మొదళ్లు, నరికినవి.

మాకు అప్పుడు తెలిసింది మీ రహస్యం. చెట్లు పెరిగితే మీరు ఉండరు. అందుకని మనుషులొచ్చి రంపాలతో కోసి మీ కళ్లకి అడ్డం తీస్తుంటారట. ప్రకృతి సౌందర్యం కనబడ్డానికి చెట్లు కొట్టాలన్నమాట. నేషనల్ పార్కులో! అదే చెట్టు మా ఊళ్లో కొడితే మేమే పోస్టు పెడతాం.

మావయ్యగారి ఫోనులో సిగ్నల్ లేదు, పక్కనే కొడుకున్నాడు. "ఎప్పుడు కట్టార్రా ఇది?" మా ఆయన గేటు దగ్గరిచ్చిన కాగితం తీసి చదివారు. 1931లో, అధ్యక్షుడు హూవర్ హయాంలో, కరువు సాయం కింద వచ్చిన డబ్బుతో పని మొదలైంది. రూజ్‌వెల్ట్ వచ్చాక 1933 నుంచి 1942 దాకా పనుల్లేని కుర్రాళ్లను క్యాంపుల్లో పెట్టి మొక్కలు నాటించారు, గోడలు కట్టించారు.

"కరువు పనులా!" అని మావయ్యగారు ఎంత సంబరపడ్డారో చెప్పలేను. అమెరికా వచ్చిన రెండు నెలల్లో ఆయనకి చుట్టం దొరికింది మొదటిసారి. "మరి భూసేకరణ ఎవరు చేశారు?"

"కొండే కదా నాన్నా. ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాని కొండ నా సర్వీసులో ఒక్కటీ చూళ్లేదురా" అన్నారాయన. శ్రీశైలం ముంపు ఊళ్ల రోజుల్లో ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరారు. ఇంక మాట్లాడలేదు.

మీరు దాచిందంతా 4.6 మైలు దగ్గర, డిక్కీ రిడ్జ్ విజిటర్ సెంటర్లో గోడ మీద ఉంది. మేము బాత్రూముల కోసం ఆగాం. ఆయన బోర్డులన్నీ చదివారు, ఒక్క అక్షరం వదలకుండా. ఐదొందలకు పైగా కుటుంబాలు. 1928లో వర్జీనియా చట్టం చేసి, వద్దన్నా వినకుండా భూములు తీసుకుని పార్కుకిచ్చింది. సొంత భూమి లేనివాళ్లకి పరిహారం లేదు. కొన్ని ఇళ్లు, మళ్లీ రాకుండా, తగలబెట్టారు. కదల్లేని ముసలివాళ్లని కొందరిని మాత్రం పోయేదాకా ఉండనిచ్చారు. ఆ కొండల వాళ్లు లోకం తెలియని మొద్దులని అప్పట్లో ప్రచారం కూడా సాగింది. అంతా అయ్యాక 1936 జూలై 3న రూజ్‌వెల్ట్ వచ్చి పార్కును జాతికి అంకితం చేశారు. మూడేళ్ల తర్వాత మీ దారిలోనే లూయిస్ మౌంటెన్ దగ్గర నల్లవాళ్లకి వేరే చోటు కేటాయించారు. అప్పట్లో మేమొచ్చుంటే పులిహోర ఎక్కడ విప్పుకోమనేవారో.

నాకు మీ పేరు అర్థమైంది, ఓవర్‌లుక్ గారూ. మా ఆఫీసుదీ మీదీ ఒకటే అర్థం.

మీరు ఎప్పుడూ దూరాన్నే చూపిస్తారు. ముప్పై మైళ్ల అవతలి కొండ చూపిస్తారు, వీపు వెనకున్న లోయని చూపించరు. రోడ్డు దాటితే ఫాక్స్ హాలో అని ఒక కాలిబాట ఉంది, మొత్తం మైలుంపావు లేదు. మావయ్యగారు ఎవరికీ చెప్పకుండా దాటేశారు. అరగంట కనబడకపోయేసరికి అత్తయ్యగారు ఏడుపు మొదలుపెట్టారు, నేను వెతుక్కుంటూ వెళ్లాను. చెట్ల మధ్య రాళ్ల కుప్పలు. పొలం చేసుకోడానికి ఎవరో ఏళ్లతరబడి ఏరిపోసినవి. కొంచెం ముందుకెళితే చిన్న శ్మశానం, ఫాక్స్ కుటుంబం వాళ్లది. నేలంతా మన బిళ్లగన్నేరుకి దూరపు చుట్టమైన తీగ అల్లుకుని ఉంది. అక్కడ ఆయన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"తాతయ్య దొరికారా?" అని రోడ్డు మీంచి మా చిన్నది అరిచింది.

"దొరికారు" అన్నాను. ఫొటో తీయలేదు. ఫోను కారులో ఉంది, అదృష్టం.

మీ మీద కోపం లేదండీ. మీ ముందు తీసిన ఫొటోలు మా ఆయన స్టేటస్‌లో పెట్టారు, మార్కాపురం నుంచి ముప్పైమంది "సూపర్ వ్యూ" అన్నారు. మీ పని మీరు చక్కగానే చేశారు.

ఇట్లు,
తెల్ల మినీవ్యాన్‌లో వెనక సీటు మనిషి

తా.క. గేటు రసీదు మావయ్యగారు చొక్కా జేబులో దాచుకున్నారు. శుక్రవారం దాకా చెల్లుతుందట. గురువారం వెళ్దామంటున్నారు, మీ దగ్గరికి కాదు, రోడ్డుకి అవతలి వైపుకి. ఈసారి తిండి హడావిడి వద్దమ్మాయ్, మంచి బూట్లుంటే చాలు అన్నారు. అత్తయ్యగారు విని ఏమీ అనలేదు. ఇప్పుడే వంటింట్లోకి వెళ్లి చూశాను, చింతపండు నానుతోంది.