లాఠీ, ట్రంచన్ ఒకటి కావు
లండన్ పోలీసుల పొట్టి కర్ర ట్రంచన్, మన లాఠీ ఒకే ఆయుధమని ఒక వ్యాసకర్త తన వ్యాసంలో రాశారు. ఆ మాటతో ఏకీభవించలేను. 1829లో ఏర్పడిన మెట్రోపాలిటన్ పోలీసులు ఆ పొట్టి కర్రను జనానికి కనబడకుండా కోటు వెనుక జేబులో దాచుకునేవారు. దానిపై రంగులతో చిత్రించిన రాజచిహ్నం అధికార పత్రంగా కూడా పనికివచ్చేది. మన వెదురు లాఠీ మాత్రం దూరం నుంచే కనబడి, గుంపును దూరంలోనే ఆపడానికి ఉద్దేశించినది. గుంటూరులో కానిస్టేబులుగా పనిచేసిన మా తాతగారు వేసవిలో అది పగుళ్లు ఇవ్వకుండా నూనె పట్టించేవారు (ఆ వాసన నాకింకా గుర్తు). ఇప్పుడు బెజవాడ బందోబస్తులో ఫైబర్ లాఠీలు కనబడుతున్నాయి. తేలికైనవి కదా అని వాటి దెబ్బను తక్కువగా అంచనా వేయకూడదు. 1928లో లాహోరులో లాలా లజపతిరాయ్ తిన్న లాఠీ దెబ్బలను ప్రస్తావించకపోవడం ఆ వ్యాసంలో పెద్ద లోటు.