పోరంకిలో జనం పెరిగారు, బడి ఎందుకు చిక్కిపోయింది?

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద వస్తుంటే కానూరు ఎక్కడ అయిపోయిందో, పోరంకి ఎక్కడ మొదలైందో ఇప్పుడు తెలియదు. తాడిగడప, యనమలకుదురుతో కలిపి ఈ నాలుగు పంచాయతీలూ ఒకే మున్సిపాలిటీ అయ్యాయి. ఇక్కడి ఓ అపార్ట్‌మెంటు డాబా మీద, సర్కారు బడి హెడ్మాస్టరుగా రిటైరైన మేనమామకీ, కూతుర్ని ప్రైవేటులో చదివిస్తున్న మేనల్లుడికీ మధ్య నడిచిన వాదన ఇది. పిల్లలు తక్కువున్న ప్రాథమిక బడిని ఇంకో బడిలో కలపాలా వద్దా అన్నది తగువు.

మేనల్లుడు: కోపం తెచ్చుకోకండి మావయ్యా. అయిదు తరగతులకి ఇద్దరు టీచర్లుంటే ఏ తరగతికీ చదువు రాదు. కలిపేస్తే తరగతికో టీచర్ ఉంటారు. అసలు పిల్లలే తగ్గుతున్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలనే తేలింది.

మావయ్య: అది రాష్ట్రం లెక్క. పోరంకి పిల్లలంతా పోరంకిలోనే పుట్టాలా? 2014లో రాష్ట్రం విడిపోయి, అమరావతి రాజధాని అన్నాక ఇక్కడ ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో నువ్వే చూశావు. వాటిని కట్టినవాళ్లు, కాపలా ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లు? శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. మీ వాచ్‌మన్ పెద్దకూతురు ఏ బడికి వెళుతోందో ఎప్పుడైనా అడిగావా?

మేనల్లుడు: అడగలేదు.

మావయ్య: ఏ బడికీ వెళ్లడం లేదు. తమ్ముణ్ణి ఎత్తుకుని సెల్లార్‌లో తిరుగుతోంది.

మేనల్లుడు: వాళ్లకీ దారులున్నాయి కదా. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లున్నాయి. బడికి వెళ్లే పిల్లల తల్లులకి సర్కారు ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు ప్రైవేటులో చదివే పిల్లలకీ వస్తోంది.

మావయ్య: ఆ సీటుకి దరఖాస్తు పెట్టాలి, అడ్రసు రుజువు చూపాలి, గడువు దాటకూడదు. సైటు మారినప్పుడల్లా గుడిసె మార్చుకునేవాడికి అవన్నీ ఎక్కడివి? నవంబరులో దిగిన పిల్లని, టీసీ లేకపోయినా చేర్చుకునేది మన బడే. ఇక దూరం సంగతి విను. 2022లో 117 జీవో పేరుతో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకి పంపారు. కిలోమీటరు లోపే కదా అన్నారు. కాగితం మీద కిలోమీటరే, మధ్యలో బందరు రోడ్డుంటే? ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతే ఎలా దాటుతుంది? 2025లో ఆ జీవో ఎత్తేసేదాకా ఎంతమంది తల్లులు భయపడి పిల్లల్ని ప్రైవేటు బస్సు ఎక్కించేశారో!

మేనల్లుడు: రోడ్డు ఒక్కటే కారణం కాదు మావయ్యా. మా పాపని నేను డాబు కోసం వేయలేదు. మూడేళ్లకే నర్సరీలో తీసుకున్నారు, సాయంత్రం దాకా చూసుకుంటున్నారు. మేమిద్దరం ఉద్యోగాలకి పోవాలి. మీ బడి ఒకటో తరగతికి తలుపు తెరిచేసరికి పిల్లలు ఇంకోచోట కుదురుకుపోయి ఉంటారు.

మావయ్య: (కాసేపు ఆగి) అది నిజమేరా. అక్కడే పోగొట్టుకున్నాం.

ఉద్యోగమంతా ఆ బడుల్లోనే చేసిన మనిషికి ఈ మాట ఒప్పుకోవడం తేలిక కాదు.

మేనల్లుడు: మరి కలిపితే తప్పేమిటి?

మావయ్య: ఏ లెక్క చూసి కలుపుతారు? 2011 తర్వాత జనగణన లేదు. ఈసారి జనం లెక్క 2027 ఫిబ్రవరిలో అన్నారు. ఫిబ్రవరిలో ఇక్కడి ఇంటర్ హాస్టళ్లు ఎలా ఉంటాయి? పరీక్షల ముందు కిటకిటలాడుతుంటాయి. ఆ పిల్లల్ని హాస్టల్లోనే లెక్కేస్తారు. ఊరి జనాభా ఉబ్బుతుంది, ప్రాథమిక బడిలో చేరేది మాత్రం వాళ్లు కాదు. చేరాల్సినవాళ్లేమో సెల్లార్లలో, సైట్లలో ఉంటారు. బడి రిజిస్టరులో ఎంతమంది ఉన్నారనే చూస్తున్నారు గానీ, బయట ఎంతమంది మిగిలారో ఎవరూ చూడటం లేదు.

మేనల్లుడు: ఆ లెక్క మనమే తీస్తే?

మావయ్య: తీద్దాం. ఈ సందులోని అపార్ట్‌మెంట్లన్నీ తిరుగుదాం. వాచ్‌మన్ల పిల్లలు, పనివాళ్ల పిల్లలు, ఎవరి వయసెంతో రాసుకుందాం.

మేనల్లుడు: ఆదివారం వస్తాను. కానీ లెక్క తక్కువొస్తే మీరు కలపడానికి ఒప్పుకోవాలి.

మావయ్య: ఒప్పుకుంటాను. రోడ్డు దాటక్కర్లేని బడిలో కలిపితేనే.