ఒక్క రూపాయి గుర్తు కోసం ఏడు ఫైళ్లు

రూపాయి గుర్తు. అంతే. మా సైట్‌లో ధర పక్కన రూపాయి గుర్తు రావాలి. పొద్దున పదింటికి కూర్చుంటే ఇప్పుడు మూడున్నర. లంచ్ బాక్సు ఇప్పుడే తెరిచాను, పప్పు గడ్డకట్టింది.

స్క్రీన్ మీద ఏం వచ్చిందో తెలుసా? "అన్‌డిఫైన్డ్ 1,499". గుర్తు ఉండాల్సిన చోట 'విలువ అందలేదు' అని. కస్టమర్ స్క్రీన్‌షాట్ తీసి, ఎర్ర గీతతో సున్నా చుట్టి మరీ పంపాడు.

రియాక్ట్‌లో, అంటే పేజీని కాంపోనెంట్లనే ముక్కలుగా పేర్చే లైబ్రరీలో, పనిచేసేవాళ్లకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. కరెన్సీ ఏంటో తెలిసింది పైనున్న ఆర్డర్ పేజీకి. కావాల్సింది అట్టడుగున ఉన్న ధర పెట్టెకి. మధ్యలో లేఅవుట్, ప్యానెల్, ట్యాబ్స్, కార్డ్, రో. ఈ ఐదింటికీ కరెన్సీతో ఏ సంబంధమూ లేదు. అయినా ఒకదాని చేతిలోంచి ఒకటి అందుకుని కిందికి ఇవ్వాల్సిందే. ఇలా కిందికి అందించే విలువని ప్రాప్ అంటారు. ఈ తంతుకి ప్రాప్ డ్రిల్లింగ్ అని పేరు కూడా పెట్టారు, ఏదో బోరు వేస్తున్నట్టు.

కిక్కిరిసిన సిటీ బస్సులో వెనక సీటు నుంచి కండక్టర్‌కి డబ్బులు పంపడం చూశారుగా, అచ్చం అదే. "కొంచెం అందుకోండి, ఒకటి కోఠి" అంటూ ముందుకి పోతుంది. కాకపోతే బస్సులో యాభై నోటు దారిలో పేరు మార్చుకోదు. ఇక్కడ కార్డ్ దగ్గర ఎవరో మహానుభావుడు 'కరెన్సీ'ని ముద్దుగా 'కర్' అని పంపాడు. కింద రో మాత్రం 'కరెన్సీ' కోసమే చేయి చాపుకుని నిలబడింది. (బస్సులో చిల్లర వెనక్కి రాదు అంటారా, అదీ నిజమే. టికెట్ వెనక 35 అని రాసిచ్చి, దిగేలోపు మాయమైన కండక్టర్ ఒకాయన నాకు ఇంకా బాకీ.)

"టైప్‌స్క్రిప్ట్ ఉంటే పట్టుకునేదిగా" అని కామెంట్ పెట్టబోతున్నారా? ఇలాంటి తప్పులు ముందే పట్టే ఆ కాపలా ఉందండీ. ఆ కార్డ్‌లోనూ, కింద రోలోనూ ప్రాప్స్ టైప్ 'ఎనీ', అంటే ఏది వచ్చినా అడగొద్దని. ఇంటికి తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు. ఎవరు రాశారా అని గిట్‌లో, అదే కోడ్‌లో ఎవరు ఏం మార్చారో ఉండే చిట్టాలో, చూశాను. చూడకుండా ఉండాల్సింది. నేనే. రెండేళ్ల కిందట, శుక్రవారం సాయంత్రం. సరే, అది పక్కన పెడదాం.

అసలు ఆ ధర పెట్టెని పైన ఆర్డర్ పేజీలోనే తయారుచేసి, చిల్డ్రన్‌గా, అంటే తయారైన ముక్కగానే, కిందికి దించితే ఈ గొడవే లేదు. క్యారేజీకి మూత పెట్టి పంపిస్తే మోసేవాడికి లోపల పప్పో పులుసో తెలియక్కర్లేదు. ఇది కొత్త విద్యేం కాదు, రియాక్ట్ 2013లో బయటికొచ్చినప్పటి నుంచీ ఉన్నదే. కానీ మనకి ఇలాంటివి ఆనవు. లైబ్రరీ పెట్టాలి. అప్పుడే పని చేసినట్టు.

పొద్దున మా జూనియర్ వచ్చి, "అన్నా, కాంటెక్స్ట్‌లో పడేస్తే అయిపోద్దిగా" అన్నాడు. కాంటెక్స్ట్ అంటే మధ్యవాళ్లు మోయక్కర్లేకుండా కింది కాంపోనెంట్లు నేరుగా తీసుకునే ఉమ్మడి అర. పడేశారు నాయనా, ముందే పడేశారు! మా దగ్గర ఒకే ఒక్క కాంటెక్స్ట్ ఉంది. యూజర్, థీమ్, కార్ట్, సెర్చ్ పెట్టెలో కొట్టే అక్షరాలు, అన్నీ అందులోనే. ఒక్క అక్షరం కొడితే చాలు, దాన్ని వాడుకునే కాంపోనెంట్లన్నీ మళ్లీ రెండర్ అవుతాయి, అంటే వాటి కోడ్ మళ్లీ మొదట్నుంచి నడుస్తుంది. ఏం మారిందని అడగదు, వాల్యూ కొత్త ఆబ్జెక్ట్ అయితే చాలు. అనవసరపు రెండర్‌ని ఆపే మెమో చుట్టినా లాభం లేదు, కాంటెక్స్ట్ దాన్ని దాటుకుని లోపలికొస్తుంది. ఒకళ్లింట్లో ఫోన్ మోగితే అపార్ట్‌మెంట్ మొత్తం లేచి కూర్చున్నట్టుంటుంది మా పేజీ.

కాంటెక్స్ట్ అంటే గుర్తొచ్చింది. 2019లో ఒక ఇంటర్వ్యూ. "డార్క్ థీమ్ అన్ని కాంపోనెంట్లకీ ఎలా పంపుతావ్?" అన్నాడాయన. కాంటెక్స్ట్ అన్నాను. దాని కొత్త ఏపీఐ రియాక్ట్ 16.3తో 2018లోనే వచ్చేసింది, దాన్ని ఒక్క లైన్లో అందుకునే హుక్స్ కూడా 2019 మొదట్లో దిగాయి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "రియల్ ప్రాజెక్టుల్లో రీడక్స్ లేకుండా నడవదమ్మా" అని నవ్వాడు. రీడక్స్ అంటే యాప్ డేటా అంతా ఒకేచోట దాచే లైబ్రరీ. ఒక్క ట్రూ, ఒక్క ఫాల్స్ దాచుకోడానికి దాని స్టోర్, యాక్షన్, రెడ్యూసర్ అన్నీ. దోమని కొట్టడానికి రోకలి. పక్కనున్న హెచ్ఆర్ ఆవిడ కూడా నవ్వింది, ఆవిడకి ఏం అర్థమైందని నవ్విందో ఇప్పటికీ తెలీదు. "వి విల్ గెట్ బ్యాక్ టు యు" అన్నారు. ఇంకా వస్తూనే ఉన్నారు.

అదే పెద్దమనిషి నిన్న పోస్ట్ పెట్టాడు. "చిన్న యాప్‌కి రీడక్స్ ఎందుకు? కాంటెక్స్ట్ చాలు" అట. కింద చప్పట్ల బొమ్మలు వందల్లో. నాకు ఒళ్లు మండి లైక్ కొట్టి, మళ్లీ తీసేశాను.

అన్నట్టు టికెట్ వెనక 35 రాసిచ్చింది ఆ ఇంటర్వ్యూ రోజు తిరుగు బస్సులోనే.