పీఠం కిందే ఉండిపోతున్న పాండిత్యం

నాయుడుపేట పరిసరాలలోని ఒక లూథరన్ (మార్టిన్ లూథర్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్) సంఘంలో, ఒక శనివారం మధ్యాహ్నపు స్త్రీల కూడికలో, అరవై దాటిన బైబిల్ స్త్రీ (ఇంటింటికీ వెళ్ళి స్త్రీలకు వాక్యం చెప్పే సేవకురాలు) ఒకరు రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం తీసి ఎరువు తెచ్చిన గిన్నెలన్నీ నిండేదాకా నూనె పొంగిన విధవరాలి నూనెకుండ మీద ప్రసంగించారు. నూనె పొంగిందని చెప్పడానికి ఆమె తొందరపడలేదు. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చిన మాట దగ్గరే పావుగంట నిలిచారు. ఆ తరువాత, పొదుపు సంఘం వాయిదాలు కట్టే స్త్రీలను చూసి, 'ఇరుగుపొరుగు గిన్నెలు ఇవ్వకపోతే ఆ నూనె ఎక్కడ నిలిచేదమ్మా?' అన్నారు. ధర్మశాస్త్రం మనిషిని ఎలా నలుగగొడుతుందో, సువార్త ఎలా లేవనెత్తుతుందో వేరుచేసి చూపడమే లూథరన్ ప్రసంగ కళకు ఆయువుపట్టు. ఆ సిద్ధాంతం పేరెత్తకుండానే ఆమె ఆ పని చేశారు. ఆ ప్రసంగం ఏ నోటుపుస్తకంలోనూ లేదు.

1860లలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు సూళ్లూరుపేట, నాయుడుపేటలలో పని మొదలుపెట్టారు. 2022లో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, మాటల్లో ఇంకా నెల్లూరే. ఆ మిషనరీల కాలం నుంచి ఆడవాళ్ళ వంటింటి దాకా వాక్యాన్ని తీసుకువెళ్ళగలిగింది బైబిల్ స్త్రీలే. అయినా వారి బోధను సేవ అన్నారే తప్ప పాండిత్యం అనలేదు.

స్త్రీలు ప్రసంగ పీఠమెక్కడానికి అడ్డు సిద్ధాంతంలోనే ఉందా? లూథరన్ల మూల ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 14వ అధికరణం, క్రమప్రకారం పిలుపు పొందనివారు సంఘంలో బహిరంగంగా బోధించరాదని, సంస్కారాలు జరిపించరాదని చెబుతుంది; ఆ పిలుపు మగవారికేనని అందులో లేదు. లూథరన్లందరిదీ ఒకే మాట కాదన్నదీ నిజమే. అమెరికాలో రెండు లూథరన్ సంఘాలు 1970లో స్త్రీలకు పాస్టర్లుగా అభిషేకం చేయడం మొదలుపెట్టగా, అక్కడిదే మరో లూథరన్ సంఘమైన మిస్సోరి సినడ్ నేటికీ ఒప్పుకోదు. అభ్యంతరం చెప్పేవారు స్త్రీ బోధించడాన్ని ఒప్పుకోని మొదటి తిమోతి రెండో అధ్యాయాన్ని చూపుతారు. రోమా 16:1 కూడా చూడాలి. అక్కడ ఫీబేను మన తెలుగు బైబిలు 'సంఘ పరిచారకురాలు' అంటుంది. ఫిలిప్పీ 1:1లో అధ్యక్షుల సరసన ఉన్నవారిని 'పరిచారకులు' అంటుంది. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు ఫిలిప్పీలో 'డీకన్లు' అని రాసి, ఫీబే దగ్గర 'సేవకురాలు'గా దించేసింది. ఈ విషయంలో మన అనువాదమే నిజాయితీగా ఉంది. చిక్కల్లా, పరిచారకురాలు అనగానే నీళ్ళందించే మనిషిని ఊహించుకునే మన చెవులది.

ఈ సూక్ష్మాలు స్త్రీలు వేదాంత కళాశాలల్లో చదువుతున్నారు, రాస్తున్నారు, ఎక్కువగా ఇంగ్లీషులో. ఆంధ్ర లూథరన్ సంఘానికి చెందిన బి.వి. సుబ్బమ్మ గారి ప్రసిద్ధ రచన సైతం 1970లో ఇంగ్లీషులోనే అచ్చయింది. 1523లో జర్మనీలోని బవేరియాకు చెందిన కులీన స్త్రీ అర్గులా ఫాన్ గ్రుంబాఖ్, లూథర్ బోధను అనుసరించిన యువకుణ్ణి శిక్షించిన ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయ పండితులను లేఖనాలతో నిలదీసి, తనకు లాటిన్ రాదు గనుక వాదం జర్మన్‌లో జరగాలని కోరింది. మన సంఘాలలో అడగవలసింది కూడా అదే. బి.డి. (వేదాంత పట్టా) పూర్తిచేసిన ఆడపిల్లను హాస్టల్ వార్డెన్‌గానో ఆదివారపు బడికో పంపి సరిపెట్టడం మాని, నెలకొక ఆదివారం పీఠం అప్పగించాలి. స్త్రీల కూడికల ప్రసంగాలను ఫోన్లో రికార్డు చేసి, తెలుగులో రాయించి, పాస్టర్ల సదస్సులో చర్చకు పెట్టాలి. నూనెకుండ ప్రసంగాన్ని మళ్ళీ చెప్పమని నేను అడిగితే ఆమె, 'రాసుకోలేదయ్యా, ఎవరడుగుతారనుకున్నానూ?' అన్నారు.