21వ రోజుకు బాలింత ‘మామూలు మనిషి’ అవుతుందా?

‘సాధారణ కాన్పయితే 21వ రోజుకల్లా బాలింత మామూలు మనిషి అయిపోతుంది, పెద్దలు బారసాల ఆ రోజున పెట్టింది అందుకే, డాక్టరు తేదీ చెప్పగానే లెక్క చూసుకుని ఫంక్షన్ హాలు మాట్లాడేసుకోండి, మన నాయనమ్మలు పదో రోజుకే పొలానికి వెళ్ళలేదా?’ అన్న సందేశం కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు.

డాక్టరు చెప్పే తేదీ చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కవేసి చెప్పే అంచనా మాత్రమే. సరిగ్గా ఆ రోజునే పుట్టే బిడ్డలు నూటికి నలుగురైదుగురికి మించరు. 37 వారాలు నిండాక 42 వారాల లోపు ఎప్పుడు పుట్టినా నెలలు నిండిన కాన్పే. అన్ని వారాలు అటూఇటూ అయ్యే దానికి హాలు అడ్వాన్సు కట్టడం తొందరపాటు.

‘సాధారణ కాన్పయితే’ అన్న షరతు కూడా మన దగ్గర చాలామందికి వర్తించదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి.

పోనీ, సాధారణ కాన్పే అనుకుందాం. గర్భసంచి మునుపటి పరిమాణానికి రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది, రక్తస్రావం నాలుగు నుంచి ఆరు వారాలు సాగవచ్చు, రక్తం గడ్డకట్టే ముప్పు, రక్తపోటు పెరిగే ముప్పు మొదటి వారాల్లోనే ఎక్కువ. కాన్పు తర్వాత ఆరు వారాల పాటు స్త్రీని పనిలో పెట్టుకోకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమే యజమానులకు చెప్పింది. యజమానికి లేని హక్కు బంధువులకు ఎక్కడి నుంచి వచ్చింది? ఫంక్షన్‌లో ఆమెది కేవలం కూర్చునే పని అనేవారు ఒకసారి ఆ కుర్చీ పక్కన నిలబడి చూడాలి: కుట్లు ఇంకా సలుపుతుండగా పట్టుచీర కట్టుకుని, అక్షింతలు వేసిన ప్రతి పెద్దకూ వంగి దణ్ణం పెడుతూ, ఫొటోల వరుస తెగక బిడ్డకు పాలిచ్చే వేళ దాటిపోయి, రవిక తడిసిందేమోనని పైట సర్దుకుంటూ ఉంటుంది.

ఇక పెద్దల మాట. 21వ రోజుకు బాలింత కోలుకున్నట్టే అయితే, అదే పెద్దలు ఆమెను మూడో నెల దాకా, కొన్ని ఇళ్ళలో ఐదో నెల దాకా పుట్టింట్లో ఉంచి, కాయం తినిపించి, చన్నీళ్ళు ముట్టనివ్వకుండా చూసుకున్నదెందుకు? బారసాల బిడ్డకు పేరు పెట్టే వేడుక. కొందరు 11వ రోజునే చేస్తారు, మరికొందరు మూడో నెలలో చేస్తారు. (పథ్యం పేరిట నీళ్ళు కూడా తాగనివ్వని ఇళ్ళున్నాయి, వాటిని నేను వెనకేసుకురావడం లేదు.) పదో రోజుకే పొలానికి వెళ్ళిన నాయనమ్మ ఒంట్లో ఓపిక ఉండి కాదు, కూలి పోతే పూట గడవదని వెళ్ళింది.

సందేశం బిడ్డ ఊసే ఎత్తలేదు. కోరింత దగ్గు నుంచి కాపాడే టీకా మొదటి మోతాదు మన దేశంలో ఆరు వారాలకు గాని వేయరు, అంతకు ముందే రెండు మూడు వందల మంది చేతులు మార్చి ముద్దాడటం మంచిది కాదు. 21వ రోజు పట్టింపు ఉన్నవారు ఇంట్లోనే ఉయ్యాల కట్టి, జలుబు, దగ్గు లేని నలుగురితో పేరు పెట్టుకోవచ్చు. పెద్ద విందు తేదీని ఆరో వారం వైద్య పరీక్ష అయ్యాక బాలింతను అడిగి నిర్ణయించాలి. ఈలోగా వచ్చే పెళ్ళి పిలుపులకు ‘ఇంటి నుంచి ఒకరు వస్తారు’ అని కాన్పుకు ముందే చెప్పి ఉంచితే ఎవరూ నొచ్చుకోరు.