నామినీ ఒక్కటే సరిపోదండీ

బ్యాంకు ఖాతాలకు, షేర్లకు నామినీని పెడితే ఇక చింత లేదని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నామినీ అంటే మన తర్వాత డబ్బు అందుకునేందుకు మనం పేరు రాయించిన మనిషే తప్ప దానికి హక్కుదారు కాదు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే తేల్చి చెప్పింది.

వీలునామా రాయకుండా భర్త పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యాపిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా వస్తుంది. ఈ సంగతి చాలా ఇళ్లలో అప్పటిదాకా తెలియదు. అసలే దుఃఖం, దాని మీద అత్తాకోడళ్లకు ఈ టెన్షన్ ఎందుకు చెప్పండి?

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. ఆస్తి అందుకునేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించుకోండి, తర్వాత గొడవలొస్తే పనికొస్తుంది. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.