ఏ లోహమో రాస్తే ఏం పోయింది?

కంప్యూటర్‌కి సొంతంగా వాటర్ కూలింగ్ పెట్టుకుందామంటే పార్టులు ఎంచుకోవడంలోనే ప్రాణం విసిగిపోతోంది. ట్యూబుల్ని బిగించే ఫిట్టింగుల మర సైజు దాదాపు అన్నిటికీ ఒకటే, జీ 1/4. హమ్మయ్య అనుకున్నా. తీరా చూస్తే ట్యూబు లోపలి కొలత 10 మి.మీ. అయినా, బయట ఒకదానికి 13, ఇంకోదానికి 16! నా దగ్గరున్న 13 సైజు ఫిట్టింగు రింగు 16 ట్యూబు మీదికి ఎక్కలేదు, వేళ్లు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

అంతకన్నా ఒళ్లు మండేది నీళ్లని చల్లార్చే రేడియేటర్ విషయం. లోపల రాగా, అల్యూమినియమా అన్నది పెట్టె మీద ఎక్కడా లేదు. ప్రాసెసర్ మీద కూర్చుని వేడి లాగే రాగి బ్లాకుతో అల్యూమినియం రేడియేటర్ కలిపితే, మధ్యలో నీళ్లుంటాయి కాబట్టి అల్యూమినియాన్ని తుప్పు మెల్లగా తినేస్తుంది. ఆ తుక్కు వెళ్లి బ్లాకులోని సన్నటి సందుల్లో ఇరుక్కుంటుంది. అది రాయరు గానీ, లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతాయో పెద్దక్షరాల్లో వేస్తారు. ఇదెక్కడి న్యాయం?